పట్టణ కౌన్సిళ్లు, పరిశోధన ప్రాంగణాలు: సమస్య ఎవరి ముందుంచాలి?

బ్రహ్మంగారిమఠం: ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాల్లో 2006 నుంచి విశ్వవిద్యాలయ కళాశాలలు, పరిశోధన కేంద్రాలు వరుసగా వెలిశాయి. మరోవైపు తాగునీరు, మురుగుకాలువలు, అంతర్గత రహదారుల సమస్యలు పురపాలక సమావేశాల్లో తరచూ చర్చకు వస్తున్నాయి. ఈ రెండింటికీ అధికార పరిధులు వేరు. అర్జీ ఎక్కడ ఇవ్వాలో తెలియక ప్రజలు కార్యాలయాల చుట్టూ తిరగకుండా ఉండాలంటే ఏ బాధ్యత ఎవరిదో తెలియాలి.

కౌన్సిల్ అధికారాలు

రాష్ట్రంలోని పురపాలక సంఘాలు 1965 నాటి మున్సిపాలిటీల చట్టం కింద పనిచేస్తాయి. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ వీటికి రాజ్యాంగ హోదా కల్పించింది. పన్నెండవ షెడ్యూలులో నీటి సరఫరా, పారిశుద్ధ్యం, రహదారులు, వీధిదీపాలు, పట్టణ ప్రణాళిక సహా 18 అంశాలను పేర్కొన్నారు. సాధారణ సమావేశానికి ముందు సభ్యులకు ఎజెండా అందుతుంది. చర్చ అనంతరం ఆమోదం పొందిన తీర్మానాన్ని అమలుచేసే బాధ్యత కమిషనర్‌ది. స్థానిక శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు ఎక్స్‌అఫీషియో సభ్యులుగా ఉంటారు.

మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్టణాల్లోనే వార్డు కమిటీలను రాజ్యాంగం తప్పనిసరి చేసింది. 2011 జనగణనలో ప్రొద్దుటూరు జనాభా 1.6 లక్షలు దాటినా ఆ పరిమితికి దూరంగానే ఉంది. అందువల్ల ఇక్కడ వార్డు సమస్యకు కౌన్సిలరే ప్రధాన ఆధారం. అయితే పాలకవర్గాలు అన్నివేళలా లేవు. రాష్ట్రంలో 2005, 2014, 2021 సంవత్సరాల్లో పురపాలక ఎన్నికలు జరగగా, మధ్యకాలంలో పదవీకాలం ముగిసిన చోట్ల ప్రత్యేకాధికారుల పాలన సాగింది. ఆ కాలంలో ప్రజాప్రతినిధుల నడుమ చర్చకు తావు లేకపోయింది.

విద్యా, పరిశోధన సంస్థలు

కడపలో 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం ఏర్పడింది. దాని ఇంజినీరింగ్ కళాశాల ప్రొద్దుటూరులో ఉంది. తిరుపతి కేంద్రంగా గల శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన కళాశాల కూడా ప్రొద్దుటూరులోనే నడుస్తోంది. పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల 2006లో, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ 2008లో ప్రారంభమయ్యాయి. పులివెందుల వద్ద పశుగణాభివృద్ధి పరిశోధనల కోసం నెలకొల్పిన కేంద్రం ఏపీ కార్ల్‌గా ప్రసిద్ధి. 2023లో ఆ ప్రాంగణంలోనే న్యూటెక్ బయోసైన్సెస్ సంస్థను ప్రారంభించారు. ప్రయోగశాల, పరిశ్రమ ఒకేచోట ఉండే రీసెర్చ్ పార్కు పద్ధతికి జిల్లాలో ఇది దగ్గరి ఉదాహరణ.

ఈ పద్ధతికి 1951లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, పాలో ఆల్టో నగరం కలిసి బాటవేశాయి. భూమి విశ్వవిద్యాలయానిది కాగా నీరు, విద్యుత్తు వంటి సేవలు నగరానివి. ప్రతిగా నగరానికి పన్నుల ఆదాయం సమకూరింది. మన దేశంలో ఐఐటీ మద్రాసు రీసెర్చ్ పార్కు 2010లో చెన్నైలో మొదలైంది. హైదరాబాద్ సమీపంలోని తుర్కపల్లిలో నాలెడ్జ్ పార్కు అంతకుముందే, 1999లో ఏర్పాటైంది.

పన్ను లేదు, భారం ఉంది

విశ్వవిద్యాలయాలు తమ పాలకమండళ్ల ద్వారా, రాష్ట్ర ప్రభుత్వ పర్యవేక్షణలో నడుస్తాయి. వాటి నియామకాలు, నిధులు, భవనాలపై పురపాలక కౌన్సిల్‌కు అధికారం లేదు. విద్యా ప్రయోజనాలకు వినియోగించే భవనాలకు పురపాలక చట్టంలో ఆస్తిపన్ను మినహాయింపు ఉంది. అంటే పట్టణ పరిధిలోని ప్రాంగణం వెలుపల రహదారి, కాలువ, వీధిదీపాల ఖర్చు పురపాలక సంఘానిదే అయినా, ఆ మేరకు పన్ను రాదు. ప్రైవేటు వసతిగృహాలు, దుకాణాలు పెరిగితేనే కొంత రాబడి వస్తుంది. వాటితోపాటు నీటి అవసరమూ పెరుగుతుంది.

కరవు సీమలో నీరే అసలు ప్రశ్న. ప్రొద్దుటూరు తాగునీటికి పెన్నా నది, ఎగువన మైలవరం జలాశయం నుంచి విడుదలయ్యే నీరు ముఖ్యం. పులివెందుల పట్టణానికి పార్నపల్లె వద్ద గల చిత్రావతి బ్యాలెన్సింగ్ జలాశయం ఆధారం. ఈ రెండు జలాశయాల సామర్థ్యం సుమారు 10 టీఎంసీల చొప్పున మాత్రమే. కొత్త ప్రాంగణం తలపెట్టినప్పుడు స్థలంతోపాటు నీటి లెక్క కూడా కౌన్సిల్ ముందుకు రావాల్సి ఉంటుంది.

గ్రామాల మాట

బ్రహ్మంగారిమఠానికి పురపాలక సంఘం లేదు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇక్కడ గ్రామసభే వేదిక. తెలుగుగంగలో భాగమైన బ్రహ్మంసాగర్ జలాశయం ఈ మండలంలోనే ఉన్నప్పటికీ, దాని నీటి విడుదల జలవనరుల శాఖ నిర్ణయం. పశుపోషణపై ఆధారపడిన ఈ ప్రాంత రైతులకు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలతో అవసరం ఉన్నా, ఆ పట్టణ కౌన్సిల్‌లో వారి మాట చెల్లదు.

పల్లె, పట్టణం కలిసి మాట్లాడేందుకు రాజ్యాంగంలోని 243 జెడ్‌డీ అధికరణం జిల్లా ప్రణాళిక కమిటీని నిర్దేశించింది. పంచాయతీలు, పురపాలక సంఘాలు రూపొందించిన ప్రణాళికలను క్రోడీకరించి జిల్లా ముసాయిదా ప్రణాళిక తయారుచేయడం దీని విధి. సభ్యుల్లో ఐదింట నాలుగు వంతులకు తగ్గకుండా ఎన్నికైన స్థానిక ప్రతినిధులే ఉండాలి. నీటి పంపకం ఈ కమిటీ పరిశీలించాల్సిన అంశాల్లో ఒకటి.

కాలువ, వీధిదీపం సమస్యలను కౌన్సిలర్ లేదా కమిషనర్ దృష్టికి, పరిశోధన సంస్థల సేవలను ఆయా విశ్వవిద్యాలయ అధికారుల దృష్టికి తీసుకువెళ్లాలి. పల్లె అవసరాలను గ్రామసభ తీర్మానంగా నమోదు చేయిస్తే అవి జిల్లా ప్రణాళికలో చేరేందుకు మార్గం ఏర్పడుతుంది.