బళ్లారి కలెక్టరు లెక్కలో అరవై మంది ఆడపిల్లలు

మా ఆదోని పాత సంగతులు వెతకాలంటే కర్నూలు కాగితాలు పనికిరావు, బళ్లారివి తిరగేయాలి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు అప్పటిదాకా బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారితో సహా మిగిలినవి మైసూరుకు పోయాయి. 1882కు ముందైతే అనంతపురం కూడా బళ్లారి జిల్లాలో భాగమే. ఆ జిల్లాను ఏలిన కలెక్టర్లలో చదువుల సంగతి పట్టించుకున్నవాడు ఎ.డి. క్యాంబెల్. తెలుగు వ్యాకరణం 1816లో, తెలుగు నిఘంటువు 1821లో అచ్చేయించినవాడు. ఈయన 1823 ఆగస్టు 17న మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక ఉత్తరం రాశాడు. బడి, పిల్లలు, అయ్యవారు, పలక, బెత్తం, అన్నీ ఉన్నాయి అందులో. తెలుగు పంతులుగా పనిచేసి రిటైరైన నాబోటివాడికి అంతకన్నా కమ్మని చదువు మరొకటి లేదు.

ఉత్తరం రాయించింది థామస్ మన్రో. 1800లో నిజాం మన సీమను కుంఫిణీకి ధారాదత్తం చేసినప్పుడు ఇక్కడికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి, ఊరూరూ గుర్రమెక్కి తిరిగి శిస్తు కట్టినవాడు. తర్వాత మద్రాసు గవర్నరై, 1822 జూన్ 25న ఒక మినిట్, అంటే సర్కారు దస్త్రానికి ఒక నోటు, రాశాడు: భూమి కొలిచాం, శిస్తు లెక్క తేల్చాం, జనం చదువు ఎలా ఉందో మాత్రం మన దగ్గర కాగితం ముక్క లేదు, ప్రతి జిల్లా నుంచీ తెప్పించండి అని దాని సారాంశం. బోర్డు ఒక పట్టీ గీసి కలెక్టర్లందరికీ పంపింది. బడులెన్ని, ఏ కులం పిల్లలెందరు, మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు అని గడులు. ఎక్కువమంది గడులు నింపి ఊరుకున్నారు. క్యాంబెల్ గడులు నింపాక కూడా ఆగలేదు, బడి లోపల ఏం జరుగుతుందో రాశాడు.

ముందు లెక్కలు. జిల్లా జనాభా 9,27,857. బడులు 533. చదివే పిల్లలు 6,641 మంది, అంటే బడికి పన్నెండు మంది, జనాభాలో వెయ్యికి ఏడుగురు. భాషల వారీగా చూస్తే కన్నడ బడులు 235, తెలుగువి 226, మరాఠీవి 23, పారసీవి 21, అరవ బడులు 4, ఇంగ్లీషుది 1. ఇవికాక బ్రాహ్మణ పిల్లలు సంస్కృతం చదివే చోట్లు 23. ఒక్క జిల్లాలో ఇన్ని భాషల బడులు ఎవరూ చెప్పకుండా, సర్కారు డబ్బివ్వకుండా నడిచాయి. ఈ 533లో ఒక్కదానికీ సర్కారు నుంచి పైసా ముట్టడం లేదని క్యాంబెలే సిగ్గుపడుతూ ఒప్పుకున్నాడు.

కులాల లెక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. హిందూ మగపిల్లల్లో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతర కులాలవారు 1,174. అంటే మూడింట రెండు వంతులు బ్రాహ్మణ వైశ్యేతరులే. ముస్లిం పిల్లలు 243 మంది. ఇక ఆడపిల్లలు మొత్తం అరవై మంది. బ్రాహ్మల పిల్లలు ఇద్దరు, కోమట్ల పిల్ల ఒకతె, శూద్రుల పిల్లలు 26 మంది, ఇతర కులాల పిల్లలు 31 మంది. పై రెండు కులాల నుంచి కలిపి ముగ్గురే. చదువు ఏ ఇళ్లలో ఎక్కువుందో ఆ ఇళ్లలోనే ఆడపిల్లకు గుమ్మం దాటే వీలు తక్కువన్నమాట. తక్కిన 57 మందిలో ఆటపాటలు నేర్చే దేవాలయపు పిల్లలు ఎందరున్నారో పట్టీ చెప్పదు కానీ, మన్రో తర్వాత రాసిన మినిట్‌లో ఆడవాళ్లలో చదువు ఆ వర్గాలకే తగిందని జనం ఎక్కువగా అనుకుంటారని అన్నాడు. ఆ ఒక్క కోమట్ల అమ్మాయి ఎవరో, ఏ ఊరిదో, అంగడి లెక్కలు చూసుకోవడానికే నేర్పించారో, తండ్రి ముద్దుకొద్దీ పంపాడో! ఆ గడిలో ‘1’ అని అంకె చూసినప్పుడల్లా నాకు ఆ పిల్లను పేరుపెట్టి పిలవాలనిపిస్తుంది.

ఎవరింటి అరుగు మీదో నడిచే బడి తెల్లారి ఆరింటికి మొదలు. ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న, పొగడ్తా లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అక్కణ్నుంచి ఒక్కొక్కటీ పెంచుకుంటూ పోవడమే. పన్నెండోవాడి గతి ఊహించుకోండి. బద్ధకస్తుడికి బెత్తం, గుంజీళ్లు, ఆ పైన కోదండం, అంటే రెండు చేతులూ తాడుకు కట్టి పైకప్పు నుంచి వేలాడదీయడం. గుంజీళ్లు బాధగా ఉన్నా ఒంటికి మంచివేమో అని క్యాంబెల్ దొరగారు చమత్కరించారు. తాను తీసినట్టు లేదు.

ఐదో ఏట అక్షరాభ్యాసం. అయ్యవారూ బడిపిల్లలంతా ఆ ఇంటికి వస్తారు, వినాయకుడి చుట్టూ కూర్చుంటారు, కొత్త పిల్లవాడి వేలు పట్టి బియ్యంలో రాయిస్తారు. మర్నాటి నుంచి ఇసుకలో గుంట ఓనమాలు. చెయ్యి కుదిరాక తాటాకు మీద గంటం, లేదా కాగితం మీద కలం. మా వైపు మాత్రం ఎక్కువ వాడింది పలక, కడితం. పలకంటే మూడడుగుల పొడుగు, అడుగు వెడల్పు చెక్క. నున్నగా చిత్రిక పట్టి అన్నం, బొగ్గుపొడి కలిపి పూస్తే సరి. కడితం గుడ్డది. గంజి పెట్టి బిరుసెక్కించి, పుస్తకంలా మడతలు పెట్టి, బొగ్గు, జిగురు పట్టించాలి. రెంటి మీదా బలపంతో రాసి తడిగుడ్డతో తుడిచేయొచ్చు. మా ముత్తాతల కాలం నాటి కడితం ఒకటి మా ఇంట్లో ఉండేది, చదువుకు కాదు, అంగడి పద్దులకు. దాని మడతల దగ్గర జిగురు పెచ్చులూడి తెల్లగా గుడ్డ కనిపించేది.

బడిలో నాలుగు తరగతులు. కానీ ఏడాది తిరగ్గానే అందరూ కట్టగట్టుకుని పై తరగతికి పోవడం లేదు. ఎవడికి ఎప్పుడొస్తే వాడు అప్పుడు జరుగుతాడు. చిన్నవాళ్లకు పెద్దవాళ్లు చెబుతారు, పెద్దవాళ్లకు అయ్యవారు చెబుతాడు, ఒక కన్ను మాత్రం బడంతటి మీదా ఉంచుతాడు. పక్కవాడికి చెబితే చెప్పినవాడికీ గట్టిపడుతుందని క్యాంబెల్ దీన్ని మెచ్చుకున్నాడు. ఇంగ్లండు దీన్ని అనుకరించిందంటే అనుకరించదగ్గదే కనుక అన్నాడు.

అనుకరించిన కథ చిన్నది కాదు. ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదిరీ 1789 నుంచి ఎగ్మూరులో సోల్జర్ల అనాథ పిల్లల ఆశ్రమానికి పెద్దగా ఉన్నాడు. దొర సిపాయిలకు, ఎక్కువగా ఇక్కడి ఆడవాళ్లకు పుట్టిన మగపిల్లలు వాళ్లు. ఒకరోజు ఊళ్లో ఒక వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో రాయడం చూసి, మన బడిలోనూ అలాగే చేయిద్దాం అన్నాడు. ఆశ్రమం పంతుళ్లు కుదరదంటే కుదరదన్నారు. (కొత్త పద్ధతి అనగానే స్టాఫ్‌రూములో వినిపించే మాట అప్పుడూ ఇదే.) సరే, మీరు మానండి అని ఎనిమిదేళ్ల జాన్ ఫ్రిస్కెన్‌కు అక్షరాల తరగతి అప్పజెప్పాడు. కుదిరింది. 1797లో లండన్‌లో దాని మీద చిన్న పుస్తకం వేశాడు. ఇంగ్లండులో వేలాది బడులు ‘మద్రాసు పద్ధతి’లో నడిచాయి. ఆయన ఆస్తితో సెయింట్ ఆండ్రూస్‌లో కట్టిన బడి పేరు ఇప్పటికీ మద్రాస్ కాలేజే.

అయితే అక్కడ చేరేసరికి అది వేరే వస్తువైపోయింది. వందలాది పిల్లల్ని ఒక హాల్లో కూర్చోబెట్టి, ఒక్క మాస్టరు జీతంతో పని కానిచ్చే చవక ఏర్పాటుగా దాన్ని వాడుకున్నారు. అరుగు మీద పన్నెండు మందికి ఎవడి నడక వాడిదిగా ఉన్నది, హాలులో గంటకొట్టి అందరినీ ఒకే అడుగు వేయించే కవాతు అయింది. పెద్దవాడు చిన్నవాడికి చెప్పడమే యంత్రంలా మిగిలింది.

మా వైపు అరుగుబడుల్లో నాకు అంతకంటే ఆశ్చర్యమనిపించింది పుస్తకాల పట్టిక. రామాయణం, భారతం, భాగవతం అందరివీ. అవి కాక చేతిపనుల కులాల పిల్లలు విశ్వకర్మ పురాణం వంటివి చదివారు. మెడలో లింగం కట్టుకునే ఇళ్ల పిల్లలు బసవపురాణం, గిరిజాకల్యాణం చదివారు. కాలక్షేపానికి పంచతంత్రం, బేతాళ కథలు. మాటల అర్థాలకు అమరం, ఆంధ్రనామసంగ్రహం. ఒకే అయ్యవారు, ఒకే అరుగు, కానీ కమ్మరి కొడుకు చేతిలో వాళ్ల కులదేవుడి కథ, జంగం కొడుకు చేతిలో బసవన్న కథ. ఇక లోకంలో బతకడానికి చదువు వేరే. ఊళ్లో ఎవరెవరికో వచ్చిన ఉత్తరాలు, సర్కారు కాగితాలు అయ్యవారు అడిగి తెచ్చి దాచేవాడు. రకరకాల చేతిరాతలు చదవడం పిల్లలకు వాటి మీదే అలవాటు చేసేవాడు. ఉత్తరం రాయడం, ఒప్పందపత్రం రాయడం నేర్పేవాడు. కరణం గొలుసుకట్టు రాత చదవగలిగితే సగం లోకం చదివినట్టే. ఇంత పనికొచ్చే పాఠం నేను బీఈడీలో వినలేదు.

ఇంతా చేసి అయ్యవారికి దక్కేదెంత? మన్రో లెక్కలో పిల్లవాడికి నెలకు నాలుగు నుంచి ఎనిమిది అణాలు, మొత్తం మీద ఆరేడు రూపాయలు మించదు. పండగ మామూళ్లు, దసరాకు ఇంటింటికీ పిల్లల్ని తిప్పి తెచ్చుకున్నది పైన.

ఇక్కడ ఒక మాట. ఈ నివేదికలన్నీ ధరంపాల్ 1983లో పుస్తకంగా వేశాక రెండు రకాల పారాయణం మొదలైంది. 1931లో గాంధీ లండన్‌లో మన చదువు యాభై, వందేళ్ల కిందటికంటే దిగజారిందని అన్నప్పుడు ఫిలిప్ హార్టాగ్ ఆధారం చూపమన్నాడు కదా, ఇదిగో ఆధారం అన్నారు కొందరు. కోదండం, బెత్తం, వెయ్యికి ఏడుగురు చూపించి ఇదేం బడి అన్నారు మరికొందరు. నాకు రెండూ సగం చదివినట్టే అనిపిస్తాయి. వెయ్యికి ఏడుగురు అన్నది మామూలు స్థితి కాదని క్యాంబెలే రాశాడు. విలాయతీ బట్ట వచ్చి మగ్గాలు పడుకున్నాయి, దండ్లు సరిహద్దులకు పోయి ధాన్యానికి గిరాకీ తగ్గింది, దేశంలో డబ్బు దేశంలో ఖర్చుకాకుండా బయటికి పోతోంది, అందుకే బడులున్న ఊళ్లలో బడులు మూతపడ్డాయి అన్నాడు. కుంఫిణీ కలెక్టరు నోట ఇంతకంటే ఏం రావాలి? కానీ మూతపడకముందు ఆ అరుగు మీద మాదిగవాడి కొడుకు కూర్చున్నాడా అని అడిగితే ‘ఇతర కులాలు’ అన్న గడి నోరు విప్పదు. అరుగు ఎవరి ఇంటిదో తెలిసినవాళ్లకు అడగనక్కర్లేదు.

క్యాంబెల్ చెప్పిన అసలు తప్పు మరొకటి. పిల్లలు పద్యాలు వందలకొద్దీ అప్పజెబుతారు, అర్థం మాత్రం చిలక్కెంత తెలుసో వాళ్లకూ అంతే. పద్యం భాష వేరు, ఇంట్లో భాష వేరు, అయ్యవారికి కూడా చాలాసార్లు అర్థం తెలియదు. వ్యాకరణం రాసినవాడు కనుక ఆయనకు ఈ తేడా చప్పున పట్టుబడింది.

మన్రో 1826 మార్చి 10న అన్ని జిల్లాల లెక్కా కూడేసి మరో మినిట్ రాశాడు. మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు, 67 మందికి ఒకరు. జిల్లాకు పెద్ద బడులు, తాలూకాకు ఒకటి చొప్పున తాసిల్దారీ బడులు పెట్టాలన్నాడు. మరుసటేడు జూలై 6న మన పత్తికొండలో కలరా వచ్చి పోయాడు. తాసిల్దారీ బడుల్ని 1836లో ఎత్తేశారు. ఆ తర్వాత పరీక్ష పాసైన తలకింత అని గ్రాంటు వచ్చింది, వీధిబడి అయ్యవారు ఇన్‌స్పెక్టరు కోసం చదువు చెప్పడం మొదలుపెట్టాడు. విశ్వకర్మ పురాణానికి గ్రాంటు లేదు.

చిలక సంగతి మాత్రం అలాగే ఉండిపోయింది. 1823లో క్యాంబెల్ చెప్పిందాన్నే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉత్తర సర్కారులకు ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ మళ్లీ అడిగాడు, పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో తెలుగు ఒకటి, ఎందుకని. దాని మీద లేచిన వ్యావహారిక ఉద్యమం అందరికీ తెలుసు. గిడుగు రామమూర్తి పంతులు గారి ఇంకో పని అంతగా తెలియదు. పర్లాకిమిడి కొండల్లో సవర పిల్లలకు తెలుగు చెబితే తలకెక్కడం లేదని, ముందు తానే సవర నేర్చుకున్నారు. కొండల్లో తిరిగి చలిజ్వరం తెచ్చుకున్నారు, దానికి మింగిన క్వినైనుతో చెవుడు వచ్చి జీవితాంతం ఉండిపోయింది. సవరలో వాచకాలు రాశారు. 1911లో మద్రాసు ప్రభుత్వం వాటిని అచ్చేసి పారితోషికం ఇస్తామంటే, ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టండి, నాకొద్దు అన్నారు. సవరలోనే చెప్పే బడులు వచ్చాయి.

మా వైపు ఇప్పటికీ ఒక్క తరగతిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు, కన్నడం వాళ్లు, ఉర్దూ వాళ్లు, తండా నుంచి వచ్చే లంబాడీ పిల్లలు కలిసి కూర్చుంటారు. ఒకేడు ఆరో తరగతిలో పద్యం అర్థం చెబుతుంటే ఒక తండా పిల్ల ముఖం చిట్లించుకుని కూర్చుంది. పక్కనున్న తొమ్మిదో తరగతి అక్కను పిలిచి దాని భాషలో చెప్పమన్నాను. రెండు నిమిషాలు చెప్పింది. అప్పుడే తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన గుమ్మంలో నిలబడి, ఇక్కడ పాఠం ఎవరు చెబుతున్నారు మాస్టారూ అని అడిగారు. ఇద్దరమూనండి అన్నాను. రిజిస్టరులో ఏం రాసుకున్నారో గాని, ఆ పిల్ల మర్నాడు పద్యం అర్థంతో సహా అప్పజెప్పింది. ఏటా నింపే ఫారంలో మాతృభాష అని ఒక గడి ఉంటుంది. మా ఆఫీసు గదిలో ఆ గడి కింద పైనుంచి కిందిదాకా ‘తెలుగు’ అని రాసి, తర్వాతి పేజీ తిప్పేవారు.