కాలనీ ఇళ్ల మరమ్మతు టెండర్: ఎల్-1కు పని ఇస్తే సరిపోతుందా?

ప్రభుత్వం కట్టించిన కాలనీ ఇళ్లలో స్లాబులు పెచ్చులూడుతున్నాయని, వానొస్తే కారుతున్నాయని ఏళ్ల తరబడి అర్జీలు పెడితే చివరికి మరమ్మతులకు నిధులు మంజూరవుతాయి. అక్కడితో పోరాటం ముగిసిందనుకుంటాం. కానీ ఆ పని ఎవరికి, ఏ రేటుకు, ఏ షరతుల మీద వెళ్లిందన్నది ఇంజనీరింగ్ ఆఫీసులోనే తేలిపోతుంది. ఆ నిర్ణయం ఎలా జరుగుతుందో, వాడవాళ్లు ఎక్కడ ప్రశ్నించవచ్చో ఇక్కడ వివరిస్తున్నాం.

అంచనాలోనే సగం కథ

టెండర్‌కు ముందు ఇంజనీరు కొలతలు తీసి, ప్రభుత్వ షెడ్యూల్ రేట్ల ప్రకారం అంచనా తయారుచేస్తారు. కొత్త ఇంటికి ప్లాన్ ఉంటుంది కాబట్టి ఎంత సిమెంటు, ఎంత ఇనుము కావాలో ముందే తెలుస్తుంది. మరమ్మతులో అలా కుదరదు. స్లాబును కొట్టి చూస్తేగానీ లోపలి చువ్వ ఎంత తుప్పుపట్టిందో తెలియదు. పైపైన చూసి రాసిన అంచనాలో ప్లాస్టరింగ్, రంగులు ఉంటాయి, అసలు జబ్బు ఉండదు. అలాంటి అంచనా మీద ఎంత నిజాయితీగా టెండర్ పిలిచినా ఇల్లు బాగుపడదు. అందుకే నిధులు మంజూరైన వెంటనే అంచనా కాపీ అడగాలి.

బిడ్ ఎలా ఎంచుతారు?

మొదట సాంకేతిక బిడ్ చూస్తారు. కాంట్రాక్టర్ రిజిస్ట్రేషన్, గతంలో చేసిన పనులు, ధరావతు సొమ్ము అందులో ఉంటాయి. అది నెగ్గినవారి ధరల బిడ్ మాత్రమే తెరుస్తారు. అందరికంటే తక్కువ కోట్ చేసినవారే ఎల్-1.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జూలై 1న నీటిపారుదల శాఖ ఇచ్చిన జీవో 94 టెండర్ ఎక్సెస్‌కు 5 శాతం పరిమితి పెట్టింది. 25 శాతానికి మించి లెస్ వేస్తే ఆ తేడా మొత్తానికి అదనపు హామీ కట్టాలంది. కారణం స్పష్టమే. బాగా తక్కువకు పని పట్టినవారు ఆ లోటును ఎక్కడో ఒకచోట పూడ్చుకుంటారు: సిమెంటులో, చువ్వలో, లేదా కూలీల డబ్బుల్లో.

తక్కువ ధరే ఎప్పుడూ మేలు కాదని కేంద్ర ఆర్థిక శాఖ కూడా ఒప్పుకుంది. నాణ్యత కీలకమని ముందే ప్రకటించిన పనుల్లో నాణ్యతకు 30 శాతం వరకు మార్కులు ఇవ్వవచ్చని 2021 అక్టోబర్ 29 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది.

లండన్ నేర్పిన పాఠం

లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ పేదలకు, వలస కుటుంబాలకు స్థానిక ప్రభుత్వం ఇచ్చిన ఇళ్ల భవనం. దాని మరమ్మతులకు మొదట అనుకున్న కాంట్రాక్టర్ ధర బడ్జెట్ దాటిందని మళ్లీ టెండర్ పిలిచి, తక్కువ వేసినవారికి ఇచ్చారు. ఖర్చు తగ్గించేందుకు బయటి గోడలకు జింకు పలకల బదులు మంటలు అంటుకునే ప్లాస్టిక్ పొర ఉన్న అల్యూమినియం పలకలు వేశారు. ఆ మార్పుతో మిగిలింది సుమారు 2.93 లక్షల పౌండ్లు. 2017 జూన్ 14న భవనం తగలబడి 72 మంది చనిపోయారు. ప్రమాదం ఉందని నివాసులు ముందే హెచ్చరించినా ఎవరూ పట్టించుకోలేదు. మన కాలనీల్లో సామగ్రి వేరు, ప్రమాదం వేరు. కానీ అక్కడ ఉండేవాళ్లను అడగకుండా ఖర్చు తగ్గించే అలవాటు ఒకటే.

సెప్టిక్ ట్యాంకు ఎవరు దిగుతారు?

మరమ్మతు ప్యాకేజీలో డ్రైనేజీ, సెప్టిక్ ట్యాంకులూ ఉంటాయి. రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని అందులోకి దించడం 2013 చట్టంలోని సెక్షన్ 7 ప్రకారం నేరం. నేరుగా దించినా, సబ్ కాంట్రాక్టర్ ద్వారా దించినా నేరమే. తక్కువ బిడ్‌లో యంత్రం ఖర్చు లేకపోతే, ఆ గుంటలోకి దిగేది మన వాడ మనిషేనని వేరే చెప్పాలా? కాబట్టి యంత్రంతోనే శుభ్రం చేయాలన్న షరతు టెండర్ పత్రంలోనే ఉండాలి.

కాంట్రాక్టులో మన వాటా

కర్ణాటక తన 1999 టెండర్ల పారదర్శకత చట్టాన్ని సవరించి, చిన్న పనుల్లో ఎస్సీలకు 17.15 శాతం, ఎస్టీలకు 6.95 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. మొదట 50 లక్షలున్న పరిమితిని 2023లో కోటికి పెంచింది. కేంద్రం ఎస్సీ, ఎస్టీ పరిశ్రమల నుంచి 4 శాతం కొనాలంటుంది గానీ, ఆ విధానం వస్తువులకు, సేవలకే. నిర్మాణ పనులకు వర్తించదు. రిజర్వేషన్ ఉన్నచోట కూడా బినామీ ఎవరో చూడాలి. లైసెన్సు ఒకరిది, పెట్టుబడి, లాభం మరొకరివి అయితే ఆ వాటాకు అర్థం లేదు.

సమాచార హక్కు కింద అడగాల్సినవి

1. అంచనా, టెండర్ నోటీసు, షరతులు.
2. ఎంతమంది బిడ్ వేశారు, ఎవరిని ఏ కారణంతో తిరస్కరించారు అని చెప్పే పోలిక పట్టిక.
3. ఒప్పందం, పనికి కాంట్రాక్టర్ బాధ్యత వహించాల్సిన కాలం.
4. ఎం-బుక్ నకళ్లు. ఏ ఇంట్లో ఎంత పని చేసినట్టు రాశారో అందులోనే దొరుకుతుంది.

బిడ్‌లు వ్యాపార రహస్యమని సెక్షన్ 8(1)(డి) చూపి తిరస్కరిస్తే, పని అప్పగించడం పూర్తయిందనీ, ఇది విస్తృత ప్రజాప్రయోజనమనీ అప్పీలులో రాయాలి. తెల్లరేషన్ కార్డు ఉన్నవారి పేరు మీద దరఖాస్తు పెడితే, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు రుజువు జతచేస్తే ఫీజు ఉండదు.

చాలామందికి తెలియని హక్కు మరొకటుంది. సెక్షన్ 2(జె) కింద పనిని స్వయంగా తనిఖీ చేయవచ్చు, వాడిన సామగ్రి నమూనాలను ధ్రువీకరించి ఇమ్మని అడగవచ్చు. జవాబుకు 30 రోజులు పట్టవచ్చు కాబట్టి పని మొదలైన వారంలోనే దరఖాస్తు పెట్టండి. చివరి బిల్లు పాసయ్యాక కాంట్రాక్టర్‌ను మళ్లీ కాలనీకి రప్పించడం చాలా కష్టం.