కుర్చీ, బల్ల, స్తంభం.. ఏది దొరికితే అది ఆయుధమే! ‘పవర్ స్టోన్’ గేమ్ స్పెషాలిటీ ఏంటంటే..

బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద ఓ సినిమా ఫైట్ ఊహించుకోండి. హీరో బారికేడ్ ఎత్తి విసురుతాడు. విలన్ వెళ్లి జ్యూస్ బండి మీద పడితే అది ముక్కలవుతుంది. హీరో స్తంభం పట్టుకుని గిర్రున తిరిగి తంతాడు. మన ప్రేక్షకులకు ఇది మామూలే. కానీ పాత ఫైటింగ్ వీడియో గేముల్లో ఇలాంటి స్వేచ్ఛ చాలా తక్కువ. 1999లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ తెచ్చిన ‘పవర్ స్టోన్’ ఆ పద్ధతినే మార్చేసింది.

అప్పటిదాకా ఎలా ఉండేది?

1991లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’ కూడా క్యాప్‌కామ్‌దే. అందులో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి కొట్టుకోవాలి. వెనకాల కొన్ని పీపాలు, బోర్డులు పగిలేవి. అయితే అవి చూడ్డానికే తప్ప ఫైట్‌లో ఎవరి చేతికీ వచ్చేవి కావు. మన వీడియో గేమ్ షాపుల్లో ‘ముస్తఫా’గా పాపులర్ అయిన 1993 నాటి ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’లో పీపాలు పగలగొట్టి తుపాకులు, తిండి తీసుకోవచ్చు. కాకపోతే అది గుంపులుగా వచ్చే రౌడీలను కొట్టుకుంటూ ముందుకెళ్లే గేమ్. ఇద్దరు ఆటగాళ్ల మధ్య పోటీ కాదు.

పవర్ స్టోన్‌లో ఏం మారింది?

ఇందులో ఫైటర్ గదంతా ఎటైనా పరిగెత్తొచ్చు. కుర్చీలు, బల్లలు, పెట్టెలు ఎత్తి విసరొచ్చు. స్తంభం పట్టుకుని తిరుగుతూ తన్నొచ్చు. కత్తులు, బాంబులు దొరికితే వాడుకోవచ్చు. ఫైట్ జరిగేకొద్దీ గదిలోని సామాన్లు పగిలిపోతూ ఉంటాయి.

అసలు మలుపు రాళ్లది. మొదట్లో ఇద్దరి దగ్గరా ఒక్కో రాయి ఉంటుంది. మూడోది మధ్యలో ఊడిపడుతుంది. మూడూ దక్కించుకున్నవాడు కాసేపు అపారమైన శక్తి ఉన్న రూపంలోకి మారిపోతాడు. గట్టి దెబ్బ తగిలితే చేతిలోని రాయి జారి పడిపోతుంది. కాబట్టి దెబ్బలు తింటున్నవాడికీ ఛాన్స్ ఉంటుంది. పక్కకు పరిగెత్తి బల్ల ఎత్తి విసిరితే సీన్ రివర్స్ అయిపోవచ్చు. కష్టమైన బటన్ కాంబినేషన్లు బట్టీ పట్టకపోయినా, కళ్లు తెరిచి చుట్టూ చూసుకుంటే గెలవొచ్చన్నమాట.

2000లో వచ్చిన ‘పవర్ స్టోన్ 2’లో ఒకేసారి నలుగురు తలపడొచ్చు. అందులో అరీనాయే మారిపోతుంది. గాల్లో ఎగిరే ఓడ ముక్కలై ఫైటర్లంతా కిందికి పడుతూ కూడా కొట్టుకుంటారు.

మరి ఎందుకు కనుమరుగైంది?

ఈ గేమ్ సెగా కంపెనీ ‘నవోమీ’ ఆర్కేడ్ బోర్డు మీద నడిచేది. ఇంట్లో ఆడే సెగా ‘డ్రీమ్‌కాస్ట్’ లోపలి నిర్మాణం కూడా దాదాపు అదే. అందుకే ఆర్కేడ్‌లోని ఆట పెద్దగా తేడా లేకుండా ఇంటికొచ్చింది. కానీ 2001లో సెగా డ్రీమ్‌కాస్ట్ తయారీ ఆపేసింది. మెషీన్‌తో పాటే ఆటా మూలన పడింది. 2006లో పీఎస్‌పీ కోసం రెండు భాగాలూ కలిపి విడుదల చేశారు. తర్వాత పీఎస్‌పీ కూడా పాతబడిపోయింది. పాత సినిమా ప్రింట్ పాడైతే ఎలాగో, పాత గేమ్‌కి ఆడే మెషీన్ లేకపోతే అలాగే. ఎంత మంచి ఆటైనా కొత్త తరానికి కథగానే మిగులుతుంది.

ఇప్పుడు ఎక్కడ ఆడొచ్చు?

దాదాపు 19 ఏళ్ల తర్వాత ఆ గ్యాప్ తీరింది. 2025 మే 16న విడుదలైన ‘క్యాప్‌కామ్ ఫైటింగ్ కలెక్షన్ 2’లో మొత్తం 8 గేములు ఉన్నాయి. వాటిలో పవర్ స్టోన్ రెండు భాగాలూ ఉన్నాయి. ప్లేస్టేషన్ 4, నింటెండో స్విచ్, ఎక్స్‌బాక్స్ వన్, పీసీల్లో ఆడొచ్చు. ఆన్‌లైన్‌లో వేరే ఊళ్లో ఉన్న ఫ్రెండ్‌తోనూ పోటీ పడొచ్చు. మొబైల్ వెర్షన్ మాత్రం ఇవ్వలేదు. ఫోన్‌లో గేమ్‌ప్లే వీడియోలు చూడొచ్చు కానీ, బల్ల ఎత్తి విసరాలంటే కన్సోలో, కంప్యూటరో ఉండాల్సిందే.