తిరుమల ఏడుకొండలు

తూర్పు కనుమల్లోని శేషాచల శ్రేణిలో, తిరుపతికి ఎగువన ఉన్న పవిత్ర పర్వతం తిరుమల. దీని శిఖరాలు ఏడు: శేషాద్రి, నీలాద్రి, గరుడాద్రి, అంజనాద్రి, వృషభాద్రి, నారాయణాద్రి, వేంకటాద్రి. ఇవి ఆదిశేషుని ఏడు పడగలని భక్తుల నమ్మకం. వేంకటేశ్వరస్వామి ఆలయం వేంకటాద్రి మీద ఉంది. తలనీలాల మొక్కును నీలాదేవి కథతో ముడిపెట్టి నీలాద్రిని తలచుకుంటారు. నారాయణగిరి మీద శ్రీవారి పాదాలున్నాయి. ఇలాగే జపాన్‌లో ఫుజి పర్వత బిలం చుట్టూ ఎనిమిది శిఖరాలను పవిత్రంగా ఎంచుతారు. కొండను దేవుడిగా చూసే మనసు అక్కడా ఇక్కడా ఒకటే.

తిరుమల కొండల రాయి కడప బేసిన్‌కు చెందిన ప్రాచీన క్వార్ట్‌జైట్. ఆలయానికి కాస్త దూరంలోని శిలాతోరణం గాలి, నీటి కోతకు సహజంగా ఏర్పడిన కమాను. భూగర్భ చరిత్ర చెప్పే ఇలాంటి చోటును యాత్రికులు చూడకుండా వచ్చేయడం పెద్ద లోటు.

అలిపిరి కాలిబాటలో దాదాపు 3,550 మెట్లున్నాయి. మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరుచుకుంది. అంతకు ముందు నడకే దారి, నడవలేనివారికి డోలీలు.

హైదరాబాద్ కర్మన్‌ఘాట్‌లో ధ్యానాంజనేయస్వామిని కొలిచేవారికి ఏడుకొండల్లోని అంజనాద్రి మనసుకు మరింత దగ్గరిది. హనుమంతుడు ఈ అంజనాద్రి మీదే పుట్టాడని తిరుమల తిరుపతి దేవస్థానం 2021 శ్రీరామనవమి నాడు ప్రకటించింది. హంపి దగ్గరి ఆనెగొందిలోనూ ఒక అంజనాద్రి ఉంది, హనుమ జన్మస్థలం అదేనని కన్నడిగుల నమ్మకం.