అరుగు మీది అక్షరం, వాకిట్ల అక్షరం

నేను జిల్లా పరిషత్ బడిలో తెలుగు టీచర్ని. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటిదాన్ని. ఎం.ఏ. పరీక్షల తొలి తెలుగు కథ గురించి ప్రశ్న వస్తే అందరి లెక్కనే రాసిన. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది, దానికి ఎనిమిదేండ్ల ముందే, 1902లో, భండారు అచ్చమాంబ ‘హిందూసుందరి’ పత్రికలో కథలు రాసింది, కాబట్టి కథలో తెలుగు స్త్రీ గొంతు అక్కడ మొదలైంది అని. మంచి మార్కులే వచ్చినయి. ఆ ‘తెలుగు స్త్రీ’ ఎవరని నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు.

అడిగింది ఒక తొమ్మిదో తరగతి పిల్ల. ఒకనాడు లైబ్రరీ పీరియడ్‌ల అచ్చమాంబ ‘స్త్రీవిద్య’ చదివి వినిపించిన. కథంతా భార్యాభర్తల మాటలే. జైలుకు పోతున్న భర్త భార్యను చదువుకొమ్మంటడు. ఆమె తన సందేహాలు చెప్తది. ఆడదానికి చదువు మగవాని చేతుల మీదుగనే రావాల్నా, ఆ చదువు ఆమె అవసరమా, ఆయన అవసరమా అని నేను వివరిస్తున్న. అంతల మా గూడెం పిల్ల లేచి, “టీచర్, వాళ్ళు గంత సేపు మాట్లాడుకుంటుంటే ఇంట్ల పని ఎవరు చేసిండ్రు?” అన్నది. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా అవ్వ యాదికొచ్చింది.

మా అవ్వ తొమ్మిదేండ్లకే ఊర్ల ఒక పెద్దింట్ల పేడకళ్ళు ఎత్తింది. ఆ ఇంటి ఆడపిల్లలకు వాళ్ళన్న అరుగు మీద కూసోబెట్టి అఆలు చెప్పేటోడు. మా అవ్వ వాకిలి ఊడ్చుకుంట ఇనేది. ఇప్పటికీ అక్షరమాల అంతా పాటలెక్క అప్పజెప్తది. రాయమంటే ఒక్కటీ రాదు. ఆమెను చదవొద్దని మా అమ్మమ్మ ఏనాడూ అనలేదు. బడికి పంపితే పూట గడవది, అంతే.

అచ్చమాంబను తక్కువ చేసే మాట కాదిది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతుంటే పక్కన కూసోని నేర్చుకున్న మనిషి ఆమె. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసి ఆడవాళ్ళ చరిత్రకు దారి ఏసింది. ఆమె పోరాటం ఇంటి లోపలిది. చదువుకొమ్మని ఇంటి మనిషి ఒక మాటంటే ఆ ఇంట్ల తలుపు తెరుచుకుంటది. మా ఇండ్లల్ల అడ్డం పడే తలుపు లేదు. అడ్డమున్నదంతా బయటనే: కూలి, కులం, బడి గడప. స్త్రీవాద విమర్శ ఒక్క ఇంటినే చూస్తే ఆ ఇంటి వాకిలి ఊడ్చిన పిల్ల కనపడది.

ఆ పిల్ల రాసిన సాక్ష్యం ఉన్నది. తెలుగులో కాదు, మరాఠీలో. పుణెలో సావిత్రీబాయి, జోతీరావు ఫూలేలు పెట్టిన బడిలో చదివిన మాంగ్ కులపు పిల్ల ముక్తా సాల్వే. పద్నాలుగేండ్లకు మాంగ్, మహర్ల దుఃఖం గురించి వ్యాసం రాస్తే 1855 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ‘జ్ఞానోదయ’ పత్రిక అచ్చేసింది. ‘స్త్రీవిద్య’కు 47 ఏండ్ల ముందు! వేదాలు బ్రాహ్మలవే అయితే మాకు గ్రంథమే లేదు, మతమే లేదు అని తర్కం తీసింది. పీష్వా బాజీరావు కాలంల మావాళ్ళ తలలు నరికి బంతులాట ఆడిండ్రని రాసింది. నెత్తి మీద కప్పు లేక, వానకూ చలికీ తడుస్తూ మా ఆడవాళ్ళు పురుడు పోసుకుంటరని రాసింది. పురిటి నొప్పికీ కులముంటదని చెప్పింది ఒక ఆడపిల్ల. అంత చెప్పి, చదువుకోండ్రి అని తనవాళ్ళను పిలిచింది.

ఒక తోటి పంతులు అన్నడు: “అది వ్యాసం మేడం, కథ కాదు గదా.” నిజమే. కథ చెప్పాలంటే నిమ్మళంగ కూసోను అరుగు కావాలె. ముక్తకు దొరికింది బడిలో ఒక పలక. ముందు ఫిర్యాదు రాసింది. తెలుగుల మన ఆడోళ్ళ రాతలను 1921 నుంచి ఏరి ‘నల్లపొద్దు’గా గోగు శ్యామల తెచ్చేసరికి 2003 వచ్చింది. రాయక కాదు, ఏరేటోళ్ళు లేక.

ఇప్పుడు నేను అచ్చమాంబనూ ముక్తనూ ఒకే రోజు చదివిస్త. మొన్న ఇంట్ల ముక్త వ్యాసం గురించి మా అవ్వకు చెప్పిన. అంతా ఇని, “ఆ పిల్లకు పద్నాలుగేండ్లేనా బిడ్డా? నా లగ్గంనాటికి నాకూ గంతే,” అన్నది.