అర్ధరూపాయి కబురు, రెండున్నర గుట్టు

మా దమ్మపేట పోస్టాఫీసు కిటికీ దగ్గర నిలబడ్డవాడు ముందు చూసుకునేది జేబు. సంగతి ఎవరెవరికి తెలియాలన్నది ఆ తర్వాత. ఇంగ్లీషువాళ్ల ఇలాకాలో 1879 జులైలో కాలణా కార్డు వచ్చింది. మాది నిజాం ఇలాకా, టపా వేరు. 1950లో గానీ దేశ తపాలాలో కలవలేదు. అదే ఏడాది అక్టోబరులో ఇన్‌లాండు లెటరు వచ్చింది. మడిచి జిగురంటిస్తే లోపలి మాట లోపలే.

కార్డు దారిలో ఎందరు చదువుతారో తెలిసే రాసేవాళ్లం. ఉభయకుశలోపరి తర్వాత వానలు, మామిడి పూత, ఆవు ఈనిన కబురు. కోడలి మీద ఫిర్యాదు, బంగారం తాకట్టు అయితే ఇన్‌లాండే. శుభవార్తకు మూలలకు పసుపు రాసేవాళ్లు. చావు కబురైతే మూల చింపేవాళ్లు. అక్షరం రానివాళ్లకూ కార్డు చేతిలో పడగానే అర్థమయ్యేది. చావు కార్డునైతే గుమ్మం దాటనీయకుండా బయటే చదివించుకుని చించేసేవాళ్లు.

ఊరంతా చదవాలనే కార్డు వేసేవాళ్లూ ఉండేవాళ్లు. దసరా బట్టల బాకీ కోసం సత్తుపల్లి కొట్టువాళ్లొకరు మా నాన్నకు కార్డు రాశారు. అది మా ఇంటికి చేరేలోపే వీధి చివర పాన్ కొట్టులో చర్చకొచ్చింది. మామిడి డబ్బు అందకముందే ఆయన అప్పు తెచ్చి కట్టేశాడు. పరువునష్టం దావాల్లో కార్డు మీది రాతను పదిమందిలో అన్న మాటగానే కోర్టులు చూడటం ఊరికే కాదు.

అడవి వైపు కోయ గూడేల్లో ఇన్‌లాండు వచ్చినా గుట్టు దక్కేది కాదు. చదువు రానివాళ్లకు పోస్టుమానే విప్పి చదవాలి, చుట్టూ చేరినవాళ్లు వింటారు, జవాబూ ఆయనే రాయాలి. జిగురు చదువుకున్నవాడికే పనికొచ్చింది.

మొన్నమొన్నటిదాకా కార్డు 50 పైసలు, ఇన్‌లాండు రూ.2.50. గుట్టుకు ఐదింతలు. అయినా కిటికీలో మనం అడిగిందే ఇచ్చేవాళ్లు. ఫోనులో అందరికీ చూపడం, దాచుకోవడం రెండూ ఉచితమే గానీ, ఏది ముందుగా టిక్కు పెట్టి ఉంచాలన్నది కంపెనీవాడి చేతిలో ఉంది. 2009 డిసెంబరులో ఫేస్‌బుక్ అమరికలు మార్చినప్పుడు జనం దాచుకున్న వివరాలు కొన్ని బయటపడ్డాయి. 2011లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాన్ని తప్పుపట్టింది.

మా మనవరాలు వాట్సాప్ స్టేటస్ పెట్టేముందు చూడకూడనివాళ్ల పేర్లు ఏరుతుంది. బాబాయిలు, మేనమామలు వరసగా అందులోనే. నా ఫోనులోనూ అన్నీ కాంటాక్టులకే కనబడేట్టు పెట్టింది. ఆ కాంటాక్టుల్లో సగం దమ్మపేట ఉంది.