పుగా లోయలో వేడి కోసం వెదుకులాట

మన ప్రత్యేక సంచికకు శాఖా చరిత్రకు సంబంధించి ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. నా సర్వీసు చాలావరకు పల్లెల్లో బోరుకు నీరు ఎక్కడ పడుతుందో చూసే విద్యుత్ సర్వేలలోనే గడిచింది. అదే పద్ధతి లడఖ్‌లో భూగర్భపు వేడిని వెదకడానికి ఎలా ఉపయోగపడిందో మనవి చేస్తాను.

పద్ధతి సులువైనదే. నేలలో నాలుగు కడ్డీలు వరుసగా పాతుతాం. బయటి రెండింటి ద్వారా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి కొలుస్తాం. బయటి కడ్డీలను దూరం జరిపేకొద్దీ మరింత లోతు సంగతి తెలుస్తుంది. ఫ్రాన్సులో కాన్రాడ్ ష్లంబర్జర్ 1912లో ఈ ప్రయోగాలు ప్రారంభించారు. ఎండిన నేలలో కడ్డీ చుట్టూ ఉప్పునీళ్లు పోసిన మనవాళ్లకు కిటుకు తెలిసిందే. ఉప్పునీటిలో కరెంటు తేలికగా పోతుంది, ఆ నీరు వేడిదైతే ఇంకా తేలికగా పోతుంది. కనుక వేడినీరు నిండిన పొరలో నిరోధం తగ్గుతుంది.

పుగా లోయ సుమారు 4,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి ఊటల నీరు 84 డిగ్రీల వరకు వేడి. ఆ ఎత్తున నీరు మరిగేదే దాదాపు అంత వేడిలో. చమురు ధరలు మండిపోయిన 1973లోనే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అక్కడ క్రమబద్ధంగా అన్వేషణ చేపట్టింది. 50 నుండి 300 మీటర్ల మందాన, 10–25 ఓమ్-మీటర్ల నిరోధం గల పొర సర్వేలో బయటపడింది.

అయితే బంకమట్టి కూడా తక్కువ నిరోధమే చూపుతుంది. మట్టా, వేడినీరా అన్నది మీటరు చెప్పదు. బోరు వేసి చూడవలసిందే. అలా 34 బోర్లు వేశారు. అన్నింటిలో లోతైనది 385 మీటర్లు. 140 డిగ్రీల వరకు వేడి కనిపించింది.

2001లో మన హైదరాబాదు ఎన్.జి.ఆర్.ఐ. వారు మాగ్నెటోటెల్యూరిక్ సర్వే జరిపారు. ఇందులో మనం కరెంటు పంపనక్కరలేదు. మెరుపుల వల్ల, సూర్యుని ప్రభావం వల్ల భూమిలో సహజంగా పుట్టే ప్రవాహాలనే కొలుస్తారు. సుమారు 2 కిలోమీటర్ల లోతున తక్కువ నిరోధం గల ప్రాంతం ఉన్నట్లు తేలింది. వెనుకటి బోర్లు ఆ లోతులో అయిదో వంతైనా చేరలేదు.

చలికాలంలో డీజిలు కాల్చుకొని గడిపిన సీమకు కాలి కింది వేడి కరెంటునిస్తే అంతకన్న కావలసినదేముంది? పుగాలో విద్యుత్ కేంద్రం కోసం ఓ.ఎన్.జి.సి. ఒప్పందం కుదుర్చుకున్నది 2021లో. అన్వేషణ మొదలై అప్పటికి 48 ఏళ్లు. సర్వే పని చోటు చూపడం వరకే. ఆపైన లోతుగా తవ్వడానికి డబ్బూ, పట్టుదలా కావాలి. ఆ చలిలో కేబుళ్లు మోసి రీడింగులు తీసినవారి శ్రమ అప్పుడే ఫలిస్తుంది.